రాత్రి 5 డిగ్రీలకు పడిపోతోంది: గినీ పిగ్‌లను బయట గూట్లోనే ఉంచవచ్చా?

చెక్కగూడు (ప్రశ్న)

నమస్తే అండీ. మా దగ్గర మూడు ఆడ గినీ పిగ్‌లు ఉన్నాయి. రెండింటికి ఏడాదిన్నర వయసు, మూడోదానికి నాలుగేళ్ళు దాటాయి. మూడూ పొట్టి జుట్టు రకమే. పెరట్లో గోడ వారన చెక్క గూడు ఉంది: పొడవు 150 సెం.మీ., వెడల్పు 60, ఎత్తు 50. చెక్క 12 మి.మీ. ప్లైవుడ్, పైన రేకు కప్పు. ముందువైపు మూడింట రెండొంతులు జాలి, మిగతా వంతు మూసిన గది. కాళ్ళు నేల నుంచి జానెడు ఎత్తు ఉన్నాయి.

పగలు 16, 17 డిగ్రీలు ఉంటోంది. తెల్లవారుజామున 5కి దిగుతోంది, ఇంకా తగ్గేలా ఉంది. నాకు తెలియాల్సినవి ఇవి:

1. ఎన్ని డిగ్రీల దాకా బయట ఉంచవచ్చు?
2. గూడు మొత్తాన్ని ప్లాస్టిక్ పట్టాతో కప్పేస్తే సరిపోతుందా?
3. లోపల 60 వాట్ల బల్బు వేలాడదీయమని ఇంట్లో అంటున్నారు. పెట్టవచ్చా?
4. పొద్దున్నే నీళ్ళ సీసా ముట్టుకుంటే మంచులా ఉంటోంది. ఇంకా చలి పెరిగితే ఏం చేయాలి?

చిత్రికపట్టు

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: 5 డిగ్రీల రాత్రుల్లో బయట వద్దండీ. గినీ పిగ్‌లు హాయిగా ఉండేది సుమారు 18 నుంచి 23 డిగ్రీల మధ్య. రాత్రి వేడి 15 కంటే దిగడం మొదలైతే లోపలికి మార్చాలి, అనుభవం ఉన్న పెంపకందారులు పాటించే హద్దు అదే. ఆ హద్దుకు మీరు పది డిగ్రీలు కింద ఉన్నారు.

‘దక్షిణ అమెరికా ఆండీస్ కొండల జంతువులు, చలి వాటికి అలవాటే’ అనే మాట మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ కొండల్లోని అడవి జాతులు రాళ్ళ సందుల్లోనో, వేరే జంతువులు తవ్విన బొరియల్లోనో దూరతాయి, ఎండ పడిన చోటికి జరుగుతాయి. పెంపుడువాటిని అక్కడి కొండవాసులు తరతరాలుగా పెంచుతున్నది వంటింట్లో, పొయ్యి దగ్గర. చల్లని గాలిలో జాలి వెనక కదలకుండా కూర్చోవడం అడవివాటికీ అలవాటు లేదు, పెంపుడువాటికీ లేదు. పైగా ఇవి శీతాకాల నిద్రలోకి వెళ్ళే జంతువులు కావు. చలిలో కదలకుండా పడుకుని ఉంటే అది నిద్ర అనుకోవద్దు, ఒంట్లో వేడి పడిపోతోందని అర్థం.

అలాగని వెచ్చని చోటు దొరికే దాకా చేతులు కట్టుకుని కూర్చోలేం కదా. ఈ రాత్రి నుంచే గూట్లో మార్చాల్సినవి చెబుతాను. ముందుగా ఒకటి గుర్తుంచుకోండి: 10 డిగ్రీల పొడి చోటుకన్నా 14 డిగ్రీల చెమ్మ చోటు వీటిని త్వరగా జబ్బు చేస్తుంది. ఒంటి వెంట్రుకల మధ్య నిలిచిన గాలే వాటికి దుప్పటి. వెంట్రుకలు తడిసినా, ఆ గాలిని ఈదురుగాలి ఊడ్చుకుపోయినా దుప్పటి పోయినట్టే. కాబట్టి ముందు తడిని ఆపాలి, తర్వాత గాలి విసురును, వేడి సంగతి ఆ తర్వాత.

పట్టా. మొత్తం కప్పేయొద్దు. ఒక్కో పెద్ద గినీ పిగ్ రోజుకు సుమారు 100 మి.లీ. నీళ్ళు తాగుతుంది, ఆకుకూరల్లోంచి ఇంకొంత లోపలికి పోతుంది. అదంతా మూత్రంగానో ఊపిరిలో ఆవిరిగానో గూట్లోకే వస్తుంది. మూడింటికీ కలిపి పావు లీటరుకు పైమాట. పట్టాతో బిగించేస్తే ఆ ఆవిరి చల్లని రేకుకు తగిలి నీటి బొట్లై వాటి మీదే కారుతుంది. మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా కూడా బయటికి పోదు, ఊపిరితిత్తుల లోపలి పొరను అదే పాడుచేస్తుంది. పొద్దున పట్టా ఎత్తగానే మీ ముక్కుకు ఘాటు తగిలితే, నేలకు ఆరంగుళాల ఎత్తులో బతికే వాటికి రాత్రంతా ఎలా ఉందో ఊహించండి.

పట్టాను జాలి ముందు తెరలా కట్టండి. అడుగు నుంచి పైకి మూసుకుంటూ వచ్చి, పైన కప్పు కింద 8 నుంచి 10 సెం.మీ. సందు వదలండి. గాలి జంతువుల తలల పైనుంచి పోవాలి, ఒంటి మీదుగా కాదు. పగలు పట్టా పూర్తిగా చుట్టేయండి. దీనికన్నా మెరుగైన పని ఏమిటంటే, జాలి కింది రెండొంతుల ఎత్తుకు పారదర్శకమైన పాలికార్బొనేట్ షీటు బిగించడం. వెలుతురు వస్తుంది, గాలి విసురు ఆగుతుంది, రోజూ కట్టి విప్పే పని ఉండదు.

మూసిన గది. గోడలకు వేడిని ఆపే గుణం తెచ్చేది థర్మాకోల్. ఒక అంగుళం మందం థర్మాకోల్ దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల ప్లైవుడ్‌తో సమానం. మీది 12 మి.మీ. చెక్క, అంటే ఇప్పుడున్న గోడ పేరుకే గోడ. వెనక, పక్క, పైన, అడుగున అంగుళం థర్మాకోల్ పెట్టి, దాని మీద 6 మి.మీ. ప్లైవుడ్ కొట్టండి. థర్మాకోల్ అంచు ఎక్కడా బయటికి కనిపించకూడదు. కనిపిస్తే కొరుకుతాయి, ముక్కలు మింగితే పేగులో అడ్డం పడతాయి. చెక్కల అతుకులను కూడా చెక్క పట్టీలతోనే మూయాలి, టేపుతో కాదు.

రేకు కప్పు లోపలివైపు కూడా ఇదే పద్ధతి. ఒట్టి రేకు రాత్రి ఆకాశానికి వేడి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, బొట్లు కారేది అందుకే. కప్పు ముందుకు కనీసం 15 సెం.మీ. పొడుచుకు రావాలి, వెనక్కి వాలుగా ఉండాలి.

గది లోపల ఇంకో పెట్టె. కిలో బరువున్న గినీ పిగ్ ఊరికే పడుకున్నప్పుడు ఒంట్లోంచి వచ్చే వేడి సుమారు మూడున్నర వాట్లు. మూడూ కలిస్తే పది వాట్లు. 450 లీటర్ల గూటిని అది వెచ్చబెట్టలేదు, 50 × 40 × 28 సెం.మీ. పెట్టెను మాత్రం బయటి కన్నా కొన్ని డిగ్రీలు పైన ఉంచగలదు. పెట్టెకు రెండు వాకిళ్ళు పెట్టండి, ఒక్కోటి 13 సెం.మీ. ఒకే వాకిలి అయితే పెద్దరికం చేసేది అడ్డంగా కూర్చుని మిగతావాటిని రానివ్వదు, అవి రాత్రంతా బయటే ఉండిపోతాయి. వాకిళ్ళు రెండూ ఒకే గోడకు ఉండాలి. ఎదురెదురుగా పెడితే గాలి సూటిగా దూసుకుపోతుంది.

అడుగున ఎనిమిది పొరల పేపరు, దాని మీద నాలుగైదు సెంటీమీటర్ల చిత్రిక పొట్టు, పైన జానెడు మందాన మెత్తని ఎండుగడ్డి వేయండి. రంపపు పొడి వద్దు, దుమ్ము ముక్కుల్లోకి పోతుంది. దేవదారు పొట్టు అసలే వద్దు, దాని ఘాటు నూనెలు ఊపిరితిత్తులకు హాని. ధాన్యం కోశాక మిగిలే గట్టి కాడలు గొట్టాల్లా బోలుగా ఉంటాయి కాబట్టి వేడిని బాగానే పట్టి ఉంచుతాయి. కానీ మొనలు కళ్ళలో గుచ్చుకుంటాయి, తినడానికీ పనికిరావు. వాడితే మెత్తని గడ్డి కిందే వాడండి. ఫ్లీస్ గుడ్డ ఇంటి లోపలి పంజరాలకు బాగుంటుంది, బయట గూట్లో మాత్రం అది తడి పట్టుకుని ఆరదు, ఒంటికి చలి ఎక్కిస్తుంది.

రోజూ పొద్దున అరచేతిని పరుపు అడుగుదాకా దూర్చి చూడండి. చెమ్మ తగిలితే ఆ మూల మొత్తం తీసి కొత్తది వేయండి. పైన పొడిగా ఉందని వదిలేస్తే అడుగున పేరుకున్న తడి పాదాలకు పుండ్లు తెస్తుంది.

బల్బు. వద్దు. ఎండుగడ్డి, వేడి గాజు, రాత్రంతా ఎవరూ చూడని పెట్టె: ఈ మూడూ ఒకచోట చేరడం నిప్పును పిలవడమే. వైరు అందితే కొరుకుతాయి కూడా. నిప్పు అంటుకోకపోయినా, రాత్రంతా వెలుతురుంటే వాటికి విశ్రాంతి ఉండదు. బల్బు కింద 30 డిగ్రీలు, రెండడుగుల అవతల 8 డిగ్రీలుగా ఉండే గూట్లో తిరగడం కూడా మంచిది కాదు.

బదులుగా మైక్రోవేవ్‌లో వేడిచేసే గట్టి ప్లాస్టిక్ బిళ్ళలు పెంపుడు జంతువుల కోసమే వస్తాయి, కొన్ని గంటలపాటు వేడి నిలుపుతాయి. తొడుగు వేసి పెట్టెలో ఒక్క పక్కనే పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉండాలి, వేడెక్కువైతే జరగడానికి. వేడినీళ్ళ రబ్బరు సంచి అయితే మందపాటి గుడ్డలో చుట్టాలి, మరిగే నీళ్ళు పోయొద్దు, కొరికారంటే తడి మొత్తం పరుపులోకే. ఏదైనా సరే, చల్లారాక లోపల ఉంచొద్దు. చల్లారిన నీళ్ళ సంచి తిరిగి వాటి వేడినే లాగేస్తుంది.

ఇంకొకటి, గరిష్ఠ, కనిష్ఠ వేడి గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటరు కొనండి. దాన్ని పడుకునే పెట్టెలో, పరుపుకు ఐదు సెంటీమీటర్ల ఎత్తున, కొరకకుండా చిన్న జాలి వెనక బిగించండి. గోడకు బయట తగిలిస్తే అది చెప్పేది ఎండ సంగతే.

గడ్డిమోపు

గూడు గురించి పైన చెప్పినవారి మాటే నా మాట. నీళ్ళు, తిండి నేను చెబుతాను.

సీసాలో ముందు గడ్డకట్టేది పెద్ద సీసాలోని నీళ్ళు కాదు, లోహపు ముక్కులో గోలీ చుట్టూ ఉన్న నాలుగు చుక్కలు. సీసా నిండుగా కనిపిస్తుంది, కానీ చుక్క రాదు. కాబట్టి చూసి వెళ్ళిపోవద్దు, వేలితో గోలీని నొక్కి చూడాలి. పొద్దున, సాయంత్రం, పడుకునే ముందు, మూడుసార్లూ. ఒకేలాంటి సీసాలు రెండు పెట్టుకుని, ఒకటి గూట్లో ఉంటే ఒకటి ఇంట్లో ఉండేలా మార్చుతూ ఉండండి. సీసాకు ఉన్ని మేజోడు తొడిగితే కొంత ఆలస్యమవుతుంది, కానీ ముక్కు ఎలాగూ బయటే ఉంటుంది కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు. బరువైన మట్టి గిన్నెలో కూడా నీళ్ళు పెట్టండి, ఇటుక మీద ఎత్తుగా, పరుపుకు దూరంగా. నీళ్ళు గోరువెచ్చగా ఇస్తే ఎక్కువ తాగుతాయి. గడ్డకట్టకుండా ఉప్పు, పంచదార, గ్లిజరిన్ లాంటివి కలపమని చెప్పేవాళ్ళుంటారు. ఏదీ కలపొద్దు.

నీళ్ళు తాగకపోతే ఎండుగడ్డి తినడం కూడా తగ్గిస్తాయి, అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. గడ్డిలోని పీచు పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో పులిసేటప్పుడు పుట్టే వేడి కూడా చలికాలంలో వాటికి ఆసరా. అందుకే గడ్డి ఎప్పుడూ అయిపోకూడదు. ఒక్కోదానికీ రోజుకు దాని ఒళ్ళంత కుప్ప లెక్కన వేయండి, చలి రాత్రులైతే ఇంకా ఎక్కువ. టిమోతి, ఆర్చర్డ్ గడ్డి మంచివి. అల్ఫాల్ఫాలో కాల్షియం ఎక్కువ, పిల్లలకూ చూలు వాటికీ తప్ప పెద్దవాటికి రోజూ వేయొద్దు, మూత్రాశయంలో రాళ్ళు వస్తాయి. పడుకునే గడ్డి వేరు, తినే గడ్డి వేరు. తినేదాన్ని నేలకు ఎత్తుగా జాలి తొట్టెలో పెడితే మూత్రం తగలదు.

చలికాలంలో చాలామంది గమనించనిది విటమిన్ సి. గినీ పిగ్ ఒళ్ళు దాన్ని తయారుచేసుకోలేదు. వేసవిలో పచ్చగడ్డి మేస్తూ సంపాదించుకుంటుంది. చలికాలంలో పచ్చిక అంతగా ఉండదు, ఎండుగడ్డిలో అది దాదాపు మిగలదు, పెల్లెట్లలో (కొని వేసే గుళికల మేతలో) కలిపింది కూడా నిల్వలో తగ్గిపోతూ వస్తుంది. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మి.గ్రా. కావాలి. ఎర్ర క్యాప్సికం 100 గ్రాముల్లో సుమారు 120 మి.గ్రా. ఉంటుంది కాబట్టి ఒక్కోదానికి రోజుకు 20, 25 గ్రాముల ముక్క చాలు. నీళ్ళలో విటమిన్ చుక్కలు కలపడం దండగ: వెలుతురుకు గంటల్లో పాడవుతుంది, రుచి మారితే నీళ్ళే మానేస్తాయి. లోటు ఏర్పడితే రెండు మూడు వారాల్లో కీళ్ళు నొప్పిపుట్టి కదలడం మానేస్తాయి, గాయాలు మానవు. ‘చలికి ముడుచుకుంది’ అని మనం అనుకునేది ఒక్కోసారి ఇదే.

కూరలు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేయొద్దు, గది వేడికి వచ్చాక వేయండి. తినగా మిగిలిన ఆకులు గంటలో తీసేయండి. తడి గడ్డి మీదికి, మంచు పట్టిన పచ్చిక మీదికి వదలొద్దు. పొట్ట కిందిభాగం అక్కడే తడుస్తుంది.

చిన్నప్రాణుల_వైద్యం

తూకం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అదే ముందు. గినీ పిగ్ జబ్బును దాచుకునే జంతువు. బయటికి కనిపించేసరికి సగం దూరం దాటిపోతుంది. గ్రాములు చూపే వంటింటి త్రాసు మీద వారానికొకసారి, చలి బాగా ఉన్నప్పుడు రెండు రోజులకోసారి, ఒకే వేళకు తూచి రాసుకోండి. 20, 30 గ్రాముల హెచ్చుతగ్గులు మామూలే, పొట్టలో ఉన్న తిండిని బట్టి మారుతుంది. ఒక్క వారంలో 50 గ్రాములకు పైగా తగ్గితే రోజూ తూచండి, తిండి గమనించండి. ఒంటి బరువులో పదో వంతు పోయిందంటే ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

తర్వాత పెంటికలు. ఎప్పుడూ ఉండే సంఖ్యలో, ఎప్పుడూ ఉండే సైజులో ఉన్నాయా? చిన్నవై, తక్కువై, కన్నీటి బొట్టు ఆకారంలో వస్తుంటే పేగు మందగించిందన్నమాట. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే రేపు చూద్దాం అనుకోవద్దు, అది అత్యవసరం కిందే లెక్క.

చలి తగిలినదానికి కనిపించే గుర్తులు: వెంట్రుకలు నిక్కబొడుచుకుని ముడుచుకుని కూర్చోవడం, పిలిస్తే కూతపెట్టకపోవడం, ఇష్టమైన ముక్క ముందుపెట్టినా ముట్టకపోవడం. చెవులు, పాదాలు ఒక్కటే చల్లగా ఉంటే అంత భయం లేదు, పొట్ట కింద కూడా చల్లగా తగిలితే ప్రమాదం. వాటి మామూలు ఒంటి వేడి 37 నుంచి 39.5 డిగ్రీలు. అంటే మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగలాలి.

అలా చల్లబడి కనిపిస్తే ఇలా చేయండి. పొడి తువ్వాలుతో తడి అద్దండి, రుద్దొద్దు. ఇంకో పొడి తువ్వాల్లో చుట్టి ఒంటికి ఆనించి పట్టుకోండి. గుడ్డ చుట్టిన గోరువెచ్చని సంచిని ఒక్క పక్కనే పెట్టండి. హెయిర్ డ్రయర్, వేడినీళ్ళ స్నానం, హీటరు ముందు పడుకోబెట్టడం వద్దు. చర్మం త్వరగా కాలుతుంది, ఒక్కసారిగా రక్తనాళాలు తెరుచుకుంటే ఒంటి నడిమి వేడి ఇంకా పడిపోతుంది. తల నిలబెట్టి మింగగలిగే దాకా నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇదంతా చేస్తూనే డాక్టరుకు ఫోన్ చేయండి, చేశాక కాదు.

ముక్కు, కళ్ళ దగ్గర పొక్కు కట్టడం, తుమ్ములు, ఊపిరి పీల్చేటప్పుడు టిక్‌టిక్‌మనే చప్పుడు, పక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం: ఇవి నెమ్ము గుర్తులు. చెమ్మ, అమ్మోనియా, గాలి ఆడకపోవడం, చలి దీనికి దారి తీస్తాయి, బోర్డెటెల్లా, స్ట్రెప్టోకాకస్ లాంటి బాక్టీరియా పట్టుకుంటుంది. ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. అమాక్సిసిలిన్, పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే వీటి పేగులోని మంచి బాక్టీరియా చచ్చి, విషం పుట్టించేవి పెరిగి ప్రాణం పోతుంది. మనుషులకు, కుక్కలకు మామూలు మందే వీటికి విషమవుతుంది.

వెచ్చదనం కోసం కుందేలును కలిపి ఉంచుతామని కొందరు అడుగుతుంటారు. వద్దు. కుందేళ్ళలో బోర్డెటెల్లా ఏ జబ్బూ చూపకుండా ఉంటుంది, గినీ పిగ్‌కు అంటితే నెమ్ము తెస్తుంది. కుందేలు వెనక కాళ్ళతో ఒక్క తన్ను తన్నినా ఎముకలు విరుగుతాయి.

మీ నాలుగేళ్ళు దాటినదాన్ని మిగతా రెండింటి లెక్కలో చూడకండి. వయసు పైబడినవి, ఆరు వారాల లోపు పిల్లలు, చూలుతో ఉన్నవి, ఈమధ్యే జబ్బుపడి లేచినవి, బొచ్చు లేని స్కిన్నీ రకం, ఇవేవీ 15 డిగ్రీల కింద బయట ఉండకూడదు. అలాగని దాన్నొక్కదాన్నే ఇంట్లోకి తెచ్చి విడదీయకండి. జతకత్తెలు దూరమైతే తిండి మానేసేవి ఉన్నాయి, తిరిగి కలిపేటప్పుడు కొట్లాటలూ జరుగుతాయి. మూడూ కలిసే రావాలి.

చెక్కగూడు

అందరికీ చాలా థాంక్సండీ. ఇక బయట ఉంచను. ఇంట్లో గదులు ఇరుకు, కానీ పెరటి వెనక సామాన్ల షెడ్డు ఉంది. ఇటుక గోడలు, ఒక కిటికీ, కరెంటు ఉంది. బైకు అందులోనే పెడతాం. గూటిని యథాతథంగా అందులోకి మార్చేస్తే సరిపోతుందా? ఇంట్లో వంటింటి పక్కన 22 డిగ్రీలుండే చిన్న నడవా ఉంది, పగలు షెడ్డులో పెట్టి రాత్రికి అక్కడికి తేవడం మంచిదా?

చిత్రికపట్టు

షెడ్డు పనికొస్తుంది, బైకు మాత్రం బయటికి పోవాలి. ఇంజను స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల పొగ కూడా మూసిన షెడ్డులో గంటల తరబడి నిలుస్తుంది, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. పెట్రోలు డబ్బా, పెయింట్లు, పురుగుమందులు ఉంటే అవీ తీసేయండి.

గోడలు గాలినీ వాననూ ఆపుతాయి, వేడి మాత్రం ఇవ్వవు. హీటరు లేని ఇటుక షెడ్డు రాత్రి బయటి కన్నా కొన్ని డిగ్రీలే పైన ఉంటుంది. ముందు రెండు రాత్రులు ఖాళీ షెడ్డులో థర్మామీటరు పెట్టి కనిష్ఠం చూడండి, ఆ తర్వాతే వాటిని మార్చండి. 15 కంటే తక్కువ వస్తే థర్మోస్టాట్ ఉన్న ఆయిల్ రేడియేటర్ హీటరు పెట్టి 16, 17 దగ్గర ఉంచండి. ఎర్రగా మండే కడ్డీల హీటరు వద్దు. గ్యాస్, కిరోసిన్ హీటర్లు అసలే వద్దు, అవి కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు బోలెడు నీటి ఆవిరీ వదులుతాయి. హీటరుకూ గూటికీ, గడ్డి మూటకూ మధ్య కనీసం మీటరు దూరం ఉండాలి. వైరు గోడ మీదుగా ఎత్తుగా పోవాలి. ప్లగ్గు నేరుగా గోడ సాకెట్‌లో పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డులో కాదు. షాక్ తగిలితే కరెంటు ఆపేసే రక్షణ స్విచ్చు లైనుకు, పొగ అలారం షెడ్డులో పెట్టించండి.

కిటికీని పూర్తిగా మూయకండి. పైన రెండు వేళ్ళ సందు వదిలి జాలి కొట్టండి. జాలి కన్ను 12 మి.మీ. మించకూడదు, వెల్డ్ చేసిన రకమే కావాలి. కోళ్ళ జాలిని ఎలుకలు కొరికేస్తాయి, పిల్లులు చించేస్తాయి. షెడ్డులోకి వస్తే ఎలుకలు కూడా వస్తాయి, కాబట్టి పెల్లెట్లు మూతున్న డబ్బాలో పెట్టండి.

గూటిని గోడకు ఆనించి పెట్టకుండా నాలుగు వేళ్ళ దూరం జరపండి, గోడ చెమ్మ చెక్కకు ఎక్కుతుంది. కాళ్ళు జానెడు కాదు, అడుగు ఎత్తు చేయండి. నేల చలి అందదు, అడుగున చీపురు ఆడుతుంది. పట్టా ఇక అక్కర్లేదు. థర్మాకోల్ గది, లోపలి పెట్టె మాత్రం ఉంచండి. కరెంటు పోయిన రాత్రి ఆదుకునేవి అవే.

ఇంకొక చిన్న పని: షెడ్డులో వెలుతురు తక్కువైతే పగలు ఎనిమిది, తొమ్మిది గంటలు మామూలు లైటు వేయండి, రాత్రి ఆర్పేయండి. మసక చీకట్లో ఉంచితే కదలడం, తినడం తగ్గిస్తాయి. మీకు కూడా వాటి ముక్కు, కళ్ళు సరిగా కనిపించవు.

చిన్నప్రాణుల_వైద్యం

రోజూ 22 డిగ్రీల నడవాకూ చల్లని షెడ్డుకూ మధ్య మోయడం వద్దండీ. ఒళ్ళు ఏ వేడికీ అలవాటుపడదు, రోజుకు రెండుసార్లు పట్టుకుని మోయడం వాటికి పెద్ద కలత. షెడ్డును 16 దగ్గర నిలకడగా ఉంచగలిగితే షెడ్డు, లేకపోతే నడవా. ఏదో ఒకటి ఎంచుకుని చలికాలం పోయేదాకా అక్కడే ఉంచండి. నడవాలోకి అయితే మొదటి రెండు మూడు రోజులు వంటింటికి దూరంగా ఉన్న చల్లని మూలలో పెట్టి తర్వాత జరపండి. గినీ పిగ్‌లకు 26 డిగ్రీలు దాటితే ఉక్కపోత మొదలవుతుంది, చెమట పట్టదు కాబట్టి వేడిని వదిలించుకోలేవు. హీటరు పక్కన, ఎండ పడే గాజు కిటికీ ముందు పంజరం పెట్టొద్దు. వాషింగ్ మెషీన్, మిక్సీ పక్కన కూడా వద్దు, మనకు వినిపించని సన్నని శబ్దాలు కూడా వాటికి వినిపిస్తాయి.

చలికాలం వెళ్ళాక మళ్ళీ బయటికి పంపడానికి పగటి ఎండ చూసి తొందరపడకండి. రాత్రి కనిష్ఠం వరసగా రెండు వారాలు 15 పైన ఉన్నాకే. మొదట పగలు ఒకటి రెండు గంటలు, నేల పూర్తిగా ఆరాక, ఆ తర్వాత పూటంతా. పచ్చగడ్డి కూడా ఒకేసారి వదలకుండా రోజుకు గుప్పెడు చొప్పున పెంచండి. నెలల తరబడి ఎండుగడ్డికి అలవాటుపడిన పేగుకు ఒక్కసారిగా పచ్చిక పడితే కడుపు ఉబ్బుతుంది.

గడ్డిమోపు

షెడ్డుకు మార్చిన రోజు పాత పరుపులోంచి ఒక గుప్పెడు పొడి గడ్డి కొత్త పెట్టెలో వేయండి. వాటి వాసన ఉంటే త్వరగా సర్దుకుంటాయి. మొదటి రాత్రి తిండి తగ్గడం సహజం, రెండో రోజు పొద్దుటికల్లా గడ్డి తొట్టె ఖాళీ అవ్వాలి. అవ్వకపోతే తూకం వేసి ఇక్కడ రాయండి.